నాగలిగారి నిత్యస్నానం

గుమ్మళ్ళపాడు రైతు సంఘం దొరతనంవారిని అడిగింది ఒక్కటే. పంటకాలువ తూముకు తలుపు బాగు చేయించమని. అంతకు మించి ఒక్క ముక్క అడిగి ఉంటే ఒట్టు.

ఆ తలుపు రెండేళ్ళ కిందట మర విరిగి, ముప్పాతిక మూసిన చోటే బిగుసుకుపోయింది. దాని కింద నుంచి కారే నీళ్ళు ఎగువ పొలాలకే అంతంత మాత్రం. దిగువన, సముద్రం వైపు ఉన్న మూడువందల నలభై ఎకరాలు రెండేళ్ళుగా నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. అందులో నాలుగెకరాలు సంఘం అధ్యక్షుడు కొల్లి అంకినీడువి. అతనికి అంతకు మించి సెంటు భూమి లేదు. ఈ ఏడు కూడా నీళ్ళు రాకపోతే ఎడ్లను అమ్మేసి బందరులో బియ్యం మిల్లుకు కూలికి పోవడమే గతి అని అతనూ, భార్య శేషారత్నమూ ఒకరితో ఒకరు అనకుండా ఎవరికి వారు అనుకుంటున్నారు.

ఊరి కమ్మరి ఆ మరను అటూ ఇటూ చూసి, "ఓ పూట పనండీ" అన్నాడు. అంటే ఏం లాభం? తూము సర్కారు సొత్తు. రైతు దాని మీద చెయ్యి వేస్తే నేరం. కిందటేడు ఒకాయన తలుపును గడ్డపారతో కాస్త కదిలించబోయి, పది రోజులు జైల్లో గంజి తాగి వచ్చాడు. కాబట్టి గడ్డపారతో అయ్యే పనికి కాయితం పట్టుకోవాల్సి వచ్చింది.

అవి రైతు సంఘాలు జోరుగా వెలుస్తున్న రోజులు. ఊరూరా సభలు, తీర్మానాలు. దొరతనంవారికీ రైతును ఉద్ధరించాలని కొత్తగా పట్టుకుంది. రైతుకు కావలసిందేమిటో రైతును తప్ప అందరినీ అడిగి, వ్యవసాయ శాఖ ఒక జాబితా తయారుచేసుకుని కూచుంది. అందులో ఇనుప నాగలి ఉంది, ఎముకల ఎరువుంది, సీమ కోడిపుంజు ఉంది. తూము తలుపు మాత్రం లేదు. తూములు ఇంకో శాఖవి. కానీ అర్జీ పెట్టింది రైతులు గనక అది తిన్నగా వ్యవసాయ శాఖకే పోయింది. మూడు నెలలకు జవాబు వచ్చింది.

"తమ అర్జీ అందినది. తూము తలుపుల విషయము మా శాఖకు సంబంధించినది కాదు. అయినను, వ్యవసాయాభివృద్ధియందు తాము కనబరచిన ఆసక్తికి దొరతనమువారు మిక్కిలి సంతసించి, తమ గ్రామమునకు నూతన పద్ధతి ఇనుప నాగలి నొకదానిని మంజూరు చేయుటకు ఆజ్ఞాపించినారు. దీనిని తమ కోరికకు అనుకూలమైన పరిష్కారముగా భావించి, కృతజ్ఞతాపత్రమును తిరుగు టపాలో పంపవలెను."

అంకినీడు దాన్ని సంఘంలో గట్టిగా చదివాడు. అరవై మంది రైతులు రెండోసారి కూడా చదివించుకున్నారు. చివరికి డెబ్బయ్యేళ్ళ బొప్పన లచ్చయ్య చుట్ట నోట్లోంచి తీసి, "మనం దాహం అంటే వాళ్ళు చెంబు పంపిస్తన్నారన్నమాట. పోన్లేరా అబ్బాయ్, చెంబన్నా వచ్చుద్ది" అన్నాడు.

నాగలి వైశాఖంలో వచ్చింది. గడ్డి పరిచిన బండిలో, దుప్పటి కప్పుకుని, పెళ్ళికూతురిలా వచ్చింది. వెంట వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరు పురుషోత్తమాచార్యులు గారు తలపాగా, కోటు, చంకలో పదహారు పేజీల నిబంధనల పుస్తకంతో దిగారు. ఆయన చెడ్డవాడేం కాదు. పై అధికారుల పేరు చెబితే మాత్రం ఎండాకాలంలో కూడా వణికేవాడు. ఆ వణుకు కనపడకుండా మాటలు అచ్చుపుస్తకంలోలా మాట్లాడేవాడు.

"మూడవ నిబంధన ముఖ్యమైనది" అన్నారాయన. "నాగలిని అందినది అందినట్లుగా తిరిగి ఒప్పగించవలెను. గీత, గాటు, మన్ను, మరక యుండరాదు."

అంకినీడు తల గోక్కున్నాడు. "మన్నంటకుండా దున్నడం ఎట్టాగండీ?"

"ప్రశ్న సమంజసమైనదే. కాని దున్నుట అను మాట ఈ పుస్తకమున ఎక్కడను లేదు. నాగలిని వినియోగించుట అని మాత్రమే యున్నది."

"దున్నకుండా వినియోగించడం అంటేనండీ?"

"ప్రదర్శించుట!" అన్నారు ఆచార్యులుగారు, ఇంత తెలియదా అన్నట్టు.

ఆ ప్రదర్శన ఎలా జరిగిందో చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంకినీడు ఎడ్లనే కట్టారు. నలుగురు మనుషులు నాగలిని అటిద్దరూ ఇటిద్దరూ పట్టుకుని, మట్టి తగలకుండా జానెడెత్తు లేపి మోశారు. ఆచార్యులుగారు ముందు నడుస్తూ, "చాలు లోతుగా తెగుచున్నది! గడ్డ తిరగబడుచున్నది!" అని వర్ణించారు. జనం అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల నిలబడి, గాలి తిరగబడడం చూశారు.

"నేల మీద పోతే నాగలిరా" అన్నాడు లచ్చయ్య. "గాల్లో పోయేదాన్ని గాలిమోటారంటారంట."

ఆ సాయంత్రం ఆచార్యులుగారు నివేదిక రాశారు. పాత కర్ర నాగలితో పోలిస్తే ఈ నూతన నాగలి వలన ఎడ్లకు శ్రమ బొత్తిగా లేకుండా పోయినది అని. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

నాగలికి పెంకుటి పాక ఉండాలని ఐదో నిబంధన. అందులో సున్నపు అరుగు, బయట బోర్డు, ఒక కావలివాడు. పాక ఎక్కడ వెయ్యాలన్న దగ్గర పేచీ వచ్చింది. ఎగువ రైతులు పండే భూమిలో గజం కూడా వదలం అన్నారు. అంకినీడుకు విసుగెత్తింది. "మా దిగువ చేలో వేసుకోండయ్యా. ఎట్టాగూ ఎండి చస్తంది" అన్నాడు. ఆ మాట విసుగుతో అన్నదే గానీ ముందుచూపుతో అన్నది కాదు. ఆ తరవాత తెలివైనవాడని పేరొస్తే అతను కాదనలేదు, అంతే.

కావలికి లచ్చయ్యను వేశారు. ఆయనది వానాకాలం చదువు. అయినా రోజూ పుస్తకంలో "నాగలి క్షేమం" అని రాయడానికి సరిపోయేది.

జూన్‌లో కాలువలు వదిలారు. తలుపు ఎప్పటిలాగే కదల్లేదు. తొలకరి జల్లులను నమ్ముకుని దిగువ రైతులు నారు మాత్రం పోశారు. ఏరువాక పున్నమి వచ్చింది. ఆ రోజు నాగలిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, మొదటి చాలు తోలడం ఆనవాయితీ. చేలో నీళ్ళున్నా లేకున్నా శేషారత్నం ఆ ఆనవాయితీ ఎన్నడూ తప్పలేదు. మైలు దూరం నడిచి ఎగువ కాలువ నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి, తమ కర్ర నాగలిని కడిగింది. బిందెలో ఇంకా సగం నీళ్ళు మిగిలాయి. పాకలోకి చూసింది.

"ఏం లచ్చయ్య మావా, అదీ నాగలేగా? పున్నమినాడు ముఖం కడక్కుండా ఉంచుతామా?"

"అదేదో నిబంధనుందమ్మా" అన్నాడు లచ్చయ్య. కానీ ఆయనకీ మనసొప్పలేదు. ఇద్దరూ కలిసి దానికి తలంటినంత పని చేశారు. నూనె పట్టించారు. నిలువునా పసుపు పులిమి, బొట్టు పెట్టారు.

సరిగ్గా అప్పుడే పురుషోత్తమాచార్యులుగారు సైకిలు దిగారు.

పచ్చగా మెరుస్తున్న సర్కారువారి నాగలిని చూసి ఆయన పాక గుంజను పట్టుకున్నారు. "మరక!" అన్నారు. "మూడవ నిబంధన! నా ఉద్యోగము... నాకు నలుగురు పిల్లలు..." వాక్యం మొదటిసారి మధ్యలో తెగిపోయింది.

శేషారత్నానికి జాలేసింది. "మరక కాదండీ బాబూ. కడిగి, నూనె రాసి, పసుపు పెడితే ఇనుం తుప్పు పట్టదని మా అత్తగారు చెప్పేది. మేం అన్నిటికీ అట్టాగే చేస్తాం."

ఆచార్యులుగారు గుంజను వదిలేశారు. మునిగిపోతున్నవాడికి తాడు దొరికింది. నివేదికలో మరక అన్న మాట కొట్టేసి, "దేశీయ సంరక్షణ విధానము, హరిద్రాలేపన ప్రయోగము" అని రాశారు. అది మదరాసు పోయింది. అక్కడి పెద్దదొరకు ఆ నెలలో దేశీయ విజ్ఞానం మీద మహా మోజుగా ఉందట. మూడు వారాలు తిరక్కుండా ఉత్తరువు దిగింది.

"నాగలికి ప్రతిదినము ప్రాతఃకాలమున పారు నీటియందు స్నానము చేయించి, హరిద్రాలేపనము గావించవలెను. ఒక దినమేని తప్పినచో సంబంధిత ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

అప్పటికి ఆషాఢం సగమైంది. నారు ముదురుతోంది. ఇంకో ఇరవై రోజులు దాటితే కణుపులు కట్టి నాటడానికి పనికిరాదు. అంకినీడు రోజూ పొద్దున్నే వెళ్ళి నారుమడి గట్టు మీద కూచునేవాడు. ఎడ్ల బేరగాడు అప్పుడే రెండుసార్లు వచ్చి పోయాడు. రెండోసారి వచ్చినప్పుడు శేషారత్నం ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఉత్తరువు సంగతి విని భార్యాభర్తలిద్దరూ పాక దగ్గరికి వెళ్ళేసరికి ఆచార్యులుగారు లచ్చయ్య మీద కేకలేస్తున్నారు. పారే నీళ్ళు లేవు గదా అని ఆయనే ముందురోజు పక్క చేలో బావి నీళ్ళతో స్నానం చేయించారు. దిగువ బావుల్లో నీళ్ళు ఉప్పు కషాయం. తెల్లారేసరికి నాగలి మొన మీద కందిబద్దంత తుప్పు మచ్చ తేలింది.

"దొరతనమువారి నాగలికి తుప్పు!" అని ఆయన రెండు చేతులూ తలపాగా మీద పెట్టుకున్నారు. "ప్రెసిడెంటుగారూ, నేనేమి చేయవలెను?"

"మొన్న తూముకు అర్జీ పెట్టాం గదండీ. మళ్ళీ పెడతాం" అన్నాడు అంకినీడు నీరసంగా.

"ఆ రాసేదేదో ఈసారి మన పేరెత్తకుండా రాయండి" అంది శేషారత్నం. "మనకు దాహమేస్తే ఎవరిక్కావాలి? నాగలికి దాహమేస్తందని రాయండి."

అంకినీడు ఆమె వంక చూశాడు. తరవాత ఆచార్యులుగారి కలం అడిగి తీసుకున్నాడు. సంఘం చరిత్రలో అది అతి చిన్న అర్జీ. "గుమ్మళ్ళపాడులో సర్కారువారి నాగలి పారు నీరు లేక తుప్పు పట్టుచున్నది. అధ్యక్షుడు." రైతు అన్న మాట లేదు, వరి అన్న మాట లేదు. ఆచార్యులుగారు దాన్ని టపాలో వెయ్యడానికి కూడా భయపడి, సైకిలు మీద స్వయంగా కాలువల ఆఫీసుకు పట్టుకుపోయారు.

రెండేళ్ళుగా రాని కాలువల ఓవర్సీరు ఎనిమిదో రోజున వచ్చాడు. వెంట మరలు బిగించేవాడు. కమ్మరి చెప్పినట్టే ఒక పూట పట్టింది. తలుపు కిర్రుమని పైకి లేచింది. నీళ్ళు ఎర్రగా, నురగలు కక్కుకుంటూ, రెండేళ్ళ చెత్తను తోసుకుంటూ దిగువ బోదె కాలువలోకి దూకాయి. అరవై మంది రైతులు నీళ్ళ పక్కనే పరుగెత్తారు. అంకినీడు పరుగెత్తలేదు. అక్కడే గట్టు మీద చతికిలబడి, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

కానీ ఓవర్సీరు పుస్తకం తెరిచాడు.

"ఈ జలము నాగలి స్నానార్థము మంజూరైనది. సాగు నిమిత్తము కాదు. సాగుకు బొట్టు వాడినను కేసు."

పరుగెత్తినవాళ్ళు పరుగెత్తినట్టే ఆగిపోయారు. నీళ్ళు మాత్రం ఆగలేదు. అవి పాక చుట్టూ చేరి, అరుగును తాకుతున్నాయి.

"ఓవర్సీరుగారూ! నీరు నిలువ యుండిన చెమ్మ యెక్కి నాగలికి ప్రమాదము. వెంటనే బయటికి పంపవలెను" అన్నారు ఆచార్యులుగారు.

"మురుగు కాలువలోనికి పంపుటకు వేరే శాఖ అనుమతి కావలెను. రెండు సంవత్సరములు పట్టును."

"అట్టాగైతే చుట్టుపక్కల చేలల్లోకి పల్చగా పరిస్తే?" అన్నాడు అంకినీడు కళ్ళు తుడుచుకుంటూ. గొంతు వీలైనంత మామూలుగా పెట్టాడు. "మూడువందల నలభై ఎకరాలున్నాయి. ఖాళీగానే ఉన్నాయండి."

"పరచవచ్చును. కాని అక్కడను నిలిచి ఆవిరి లేచిన?" ఆచార్యులుగారు గడ్డం గోక్కున్నారు. "ఆ నీటిని పీల్చివేయు మొక్క యేదైన నాటినయెడల..."

లచ్చయ్య చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు.

"ఒకటుందండి. గడ్డి జాతి. చీలమండ లోతు నీళ్ళలో నాలుగు నెలలు నిలబెట్టినా ఇంకా కావాలంటది. కావాలంటే మొక్కలు తయారుగా ఉన్నాయి."

ఆచార్యులుగారు లచ్చయ్యను చూశారు. తరవాత దూరాన పచ్చగా కనిపిస్తున్న నారుమళ్ళను చూశారు. ఆయన వ్యవసాయ శాఖలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నారు, ఆ గడ్డి ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. బట్టలు పాడవకుండా పంచె పైకి కట్టుకుని తనకేసి ఆత్రంగా చూస్తున్న అరవై మందినీ చూశారు.

"ఓవర్సీరుగారూ, వ్రాసికొనుడు" అన్నారు ఆచార్యులుగారు. "నాగలి రక్షణార్థము జలశోషక తృణములను నాటించుటకు మా శాఖకు అభ్యంతరము లేదు."

"తృణమైన సాగు కాదు" అన్నాడు ఓవర్సీరు. రాసుకుని, సంతకం చేయించుకుని వెళ్ళిపోయాడు.

ఆచార్యులుగారు నవ్వడం గుమ్మళ్ళపాడు మొదటిసారి చూసింది. ఆ మర్నాటి నుంచి తొమ్మిది రోజుల్లో మూడువందల నలభై ఎకరాల్లోనూ నాట్లు పడ్డాయి. తరవాత కలుపు తీయించడానికి కూడా ఆచార్యులుగారే పట్టుబట్టారు. కలుపు పెరిగితే తృణములకు జలశోషణ శక్తి తగ్గునట.

ఆ ఏడు దిగువన పండినట్టు ముందెన్నడూ పండలేదు. ఎడ్ల బేరగాడు మళ్ళీ వస్తే శేషారత్నం మజ్జిగిచ్చి పంపేసింది. మదరాసులో మాత్రం లెక్క వేరేగా తేలింది. నూతన నాగలి రాకముందు దిగువ భూములు బీడు. వచ్చిన తరవాత బంగారం. కాబట్టి ఇదంతా నాగలి మహిమ అని పెద్దదొర తీర్మానించాడు. నేలను ఒక్కసారి కూడా తాకకుండా ఇంత పండించిన నాగలి ఇక నేలను తాకితే ఏమవుతుందోనని ముచ్చటపడ్డాడు. "అనుభవము గడించిన నాగలి యగుటచే" దాన్ని ఇంకో జిల్లాకు బదిలీ చేస్తూ ఉత్తరువు పంపాడు.

పై ఉద్యోగికి చేసినట్టు దండ వేసి, మేళం పెట్టి సాగనంపారు. బండి మలుపు తిరిగే దాకా లచ్చయ్య చెయ్యి ఊపాడు. "పాపం, ఒక్క చాలన్నా తోలనివ్వలేదురా దాన్ని" అన్నాడు. ఆ మాటలో వేళాకోళమేం లేదు.

బండి వెళ్ళిన వారానికి ఓవర్సీరు వచ్చాడు.

"స్నానము చేయు నాగలి లేదు. కావున తలుపు మూయవలెను."

అంకినీడు తూము దాకా అతని వెంట నడిచాడు. మళ్ళీ మొదటికొచ్చింది అనుకున్నాడు. నోటికి వచ్చిన మాట అనేశాడు. "మూసేస్తే మూసేయండి గానీ, స్నానం ఆపమని వ్యవసాయ శాఖ వాళ్ళు రాసిచ్చారా అండీ? రేపెవరైనా అడిగితే?"

ఓవర్సీరు చెయ్యి మర మీద ఆగిపోయింది. అతను కూడా ఉద్యోగస్థుడే. సంజాయిషీ అన్న మాట అతనికీ తెలుసు. తలుపును వదిలేసి, నాగలి బదిలీ అయినందున తూము తలుపు మూయవచ్చునా అని వ్యవసాయ శాఖకు రాశాడు. అంకినీడు నెలన్నర పాటు సరిగ్గా అన్నం తినలేదు. చివరికి జవాబు వస్తే ఓవర్సీరు దాన్ని తెచ్చి సంఘంలోనే చదివాడు.

"తమ లేఖ అందినది. తూము తలుపుల విషయము మా శాఖకు సంబంధించినది కాదు."

అంకినీడు ఫక్కున నవ్వాడు. నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఏ వాక్యం చదివి ఏడాది కిందట నెత్తిన చేతులు పెట్టుకున్నాడో, ఆ వాక్యాన్నే ఇంకోసారి చదవమని బతిమాలాడు.

"కావున మొదటి ఉత్తరువే అమలునందున్నది" అన్నాడు ఓవర్సీరు గంభీరంగా. "తలుపు తెరిచియే యుండవలెను. స్నానము యథాప్రకారము జరుగవలెను. పుస్తకము తప్పక వ్రాయవలెను."

అప్పటి నుంచి లచ్చయ్య రోజూ పొద్దున్నే ఖాళీ అరుగు మీద చెంబెడు కాలువ నీళ్ళు పోసి, చిటికెడు పసుపు చల్లి, "స్నానం అయింది. నాగలి క్షేమం" అని రాశాడు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు కూడా బిందెలో దాచిపెట్టిన నీళ్ళతో ఒక్క రోజు తప్పలేదు.

మళ్ళీ ఏరువాక పున్నమి వచ్చింది. ఆ రోజు పొద్దున అంకినీడు మొదటి చాలు తోలి, ఒళ్ళంతా బురదతో కర్ర నాగలిని భుజాన వేసుకుని వస్తుంటే, లచ్చయ్య చెంబుతో అరుగు ముందు నిలబడి ఉన్నాడు.

"ఖాళీ అరుగుకు ఎన్నాళ్ళు పోస్తావు మావా?" అంది శేషారత్నం. భర్త భుజం మీది నాగలిని దింపించి అరుగు మీద పెట్టించింది. ముగ్గురూ కలిసి దాన్ని పారే నీళ్ళతో కడిగారు. నూనె రాశారు, పసుపు పులిమారు, బొట్టు పెట్టారు. కాలువ నీళ్ళు పాక పక్క నుంచి ఎర్రగా చేలోకి పోతున్నాయి.

లచ్చయ్య చేతులు పంచెకు తుడుచుకుని, సర్కారువారి పుస్తకం తెరిచి, చాలాసేపు ఆలోచించి, ఉన్నదున్నట్టు రాశాడు.

"స్నానం అయింది. ఇవాళ నాగలికి మన్ను ఉంది. క్షేమం."